గాజులవ్వ లేని ముచ్చటపల్లి

మొన్న జనగామలో ఫోను మార్చాను. పాతదాని బ్యాటరీ ఉబ్బి, వెనక అట్ట పొంగిన పూరీలాగా లేచింది. దాన్ని జేబులో పెట్టుకుని తిరిగితే ఏ రోజైనా కొంప మునుగుతుందని ఇంట్లో గోల పెడితే తప్పలేదు. స్టేషన్‌కు పోయే దారిలో నాకు తెలిసిన దుకాణం ఒకటుంది. దుకాణదారు దాదాపు నా ఈడువాడే. కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, పాత ఫోనులోని సరుకంతా కొత్తదాంట్లోకి ఎక్కిస్తూ, ఒక్కొక్క దాని పేరూ పైకి చదివి ఉంచాలా తీసెయ్యాలా అని అడుగుతున్నాడు. కరెంటు బిల్లుది ఉంచమన్నాను, వాతావరణం చెప్పేది తీసెయ్యమన్నాను. పెంకుటింటి బొమ్మ ఉన్న ఒక చిన్న చదరం దగ్గర ఆయన వేలు ఆగింది. “గిదేంది సార్, ముచ్చటపల్లి అట? ఏడాది దాటింది మీరు దీన్ని తెరువక. ఉత్తగ జాగా తింటున్నది,” అన్నాడు. ఉండనియ్యమన్నాను. “ఆటనా సార్?” అని కళ్లద్దాల పైనుంచి చూశాడు. ఆటేనన్నాను. మనవళ్లను ఎత్తుకోవాల్సిన వయసులో ఈయనకు ఆటలేమిటని అనుకున్నాడో ఏమో, ఇంకేమీ అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాడినో నాకూ తెలియదు. అది ఆట అని చెప్పినంత సులువుగా, అది ఎందుకు ఆగిపోయిందో చెప్పలేను. ఆ సంగతి చెప్పాలంటే ముందు మా అక్క గురించి చెప్పాలి.

అక్క నాకంటే ఆరేళ్లు పెద్దది. మేం పుట్టి పెరిగింది బచ్చన్నపేట దగ్గరి ఒక మెట్ట ఊళ్లో. చెరువు నిండిన ఏడు వరి, నిండని ఏడు పత్తి, రెండూ లేని ఏడు మాటలు. ఆ మాటల పంటలో మా అక్కను మించినవాళ్లు లేరు. బిందె తీసుకుని బోరింగు దగ్గరికి పోతే గంటకు గానీ తిరిగి వచ్చేది కాదు. వచ్చేటప్పుడు బిందెడు నీళ్లు, ఊరెడు కబుర్లు తెచ్చేది. మా అవ్వ తిట్టడానికి నోరు తెరిచేది, కబురు మొదలవగానే తిట్టు మరిచిపోయి “అవ్ మల్ల, తర్వాత ఏమైంది?” అని అడిగేది. ఆ నోటితోనే అక్క టీచరైంది. బావ బొగ్గు బావుల్లో పనిచేసేవాడు కాబట్టి భూపాలపల్లిలోనే కాపురం, ఆ చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలల్లోనే ఉద్యోగం. ఆమె ఎక్కాలు చెబుతుంటే రోడ్డు అవతలి కిరాణా దుకాణంలో బేరం ఆగిపోయేదని బావ అంటుండేవాడు. నేను జనగామ బస్టాండులో కంట్రోలరుగా ఉండేవాణ్ని. మైకులో బస్సుల పేర్లు చెప్పడమే నా బతుకుతెరువు. మా ఇంటివాళ్లు గొంతు అమ్ముకుని బతుకుతారని మా బంధువుల్లో ఒక పరిహాసం ఉండేది.

రిటైరవడానికి రెండేళ్ల ముందు అక్క గొంతు బొంగురుపోయింది. టీచర్లకు అది మామూలే కదా అని మిరియాల కషాయంతో ఏడాది గడిపింది. హైదరాబాద్ దవాఖానలో చూపించి, క్యాన్సర్ అని తెలిసేసరికి ఆలస్యమైంది. ప్రాణం దక్కాలంటే స్వరపేటిక తీసెయ్యాలన్నారు, తీసేశారు. మెడ కింద ఊపిరి కోసం ఒక రంధ్రం, దాని మీద కట్టుకోవడానికి ఒక తెల్లగుడ్డ, చేతిలో పలక. గొంతు కింద ఆనించుకుంటే మాట పలికించే చిన్న యంత్రం ఒకటి ఇచ్చారు. ఇంటికొచ్చి ఒకే ఒక్కసారి దాంతో బావను పేరు పెట్టి పిలిచింది. ఆ గరగర శబ్దం విని, యంత్రాన్ని బీరువాలో చీరల కింద పెట్టేసి, పలక మీద “గిది నేను కాదు” అని రాసింది. ఆ తర్వాత దాన్ని ముట్టలేదు. అక్కకు చెవులు శుభ్రంగా వినిపిస్తాయి. అయినా చూడటానికి వచ్చినవాళ్లంతా ఆమెతో గట్టిగా అరిచి, చేతులు తిప్పుతూ మాట్లాడేవాళ్లు. వాళ్లు పోయాక అక్క పలక మీద “నాకు చెవులు కూడ తీసేసిండ్రు అనుకుంటున్రు” అని రాసి నవ్వేది. శబ్దం లేని నవ్వు, భుజాలు మాత్రం కదిలేవి. బావ అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివేవాడు. ఆయన మొదటి వాక్యం ముగించేలోగా అక్క మనసు మూడు వాక్యాలు ముందుకు పోయేది. చివరికి విసుగొచ్చి చెంగుతో పలక తుడిచేసేది. ఎన్ని మాటలు అట్లా చీరచెంగుకు అంటుకుని పోయాయో లెక్కలేదు.

ఇక ఆట సంగతి. మహబూబాబాద్‌లో జిరాక్స్ తీస్తూ, ఆన్‌లైన్ దరఖాస్తులు నింపిపెట్టే ఒకాయన నాకు పరిచయం. ఒకసారి బస్సులో మరిచిపోయిన సంచీని నా గదిలో దాచి ఇచ్చినందుకు ఏర్పడ్డ స్నేహం అది. కంప్యూటర్ పని బాగా తెలిసినవాడు. ఖాళీ వేళల్లో కూర్చుని, ఫోనులో ఆడే ఒక ఊరిని తయారుచేశాడు. దాని పేరే ముచ్చటపల్లి. తెర మీద ఒక ఊరి బొమ్మ, వరసగా ఇళ్లు, ఒక బడి, ఒక చాయ్ హోటల్. ఆటలో చేరినవాళ్లు తలా ఒక పాత్ర తీసుకోవాలి. ఊళ్లో అడుగుపెట్టాక ఆ పాత్రలాగే మాట్లాడాలి, మాటలన్నీ టైపు చెయ్యాలి. గెలుపూ లేదు, ఓటమీ లేదు. ఊరు రోజూ సాయంత్రం ఐదింటి నుంచి ఎనిమిదింటి దాకా తెరిచి ఉండేది. ఆయనే సర్పంచ్. అసలు పేరు కన్నా ఆ పేరే ఆయనకు స్థిరపడిపోయింది. నేను చాయ్ హోటల్ పెట్టాను. జీవితమంతా బస్టాండు చాయ్ తాగి తిట్టుకున్నవాణ్ని, నా చేతి చాయ్ ఎట్లా ఉంటుందో చూపిద్దామని. అక్క ఒంటరితనం చూడలేక ఒక ఆదివారం భూపాలపల్లి పోయి ఆమె ఫోనులో కూడా ఈ ఊరిని ఎక్కించాను. ఆమె చాలాసేపు చూసి, పలక అందుకుని రాసింది: “నాకు గొంతు లేదని ఆడ ఎవ్వలికి చెప్పద్దు. నీ అక్కనని గూడ చెప్పద్దు. ఒట్టు పెట్టు.” ఒట్టు పెట్టాను.

ఆమె గాజులమ్మే ముసలమ్మ పాత్ర తీసుకుంది. గాజులవ్వ. ముచ్చటపల్లిలో కొత్తవాళ్లు చేరితే వాళ్ల ఇంటి బొమ్మలో దీపం వెలిగేది. ఆ దీపం వెలిగిన నిమిషంలో గాజులవ్వ వాకిట్లో ఉండేది. “ఎవలు బిడ్డా కొత్తగ దిగింది? చెయ్యి ఇటియ్యి, ఏ సైజు పడతదో చూస్త. మీదే ఊరు? ఏం కూర అండినవ్?” అని మొదలుపెట్టేది. బిడియపడేవాళ్లు కూడా ఏం కూరో చెప్పకుండా ఉండలేరు కదా. కూర చెప్పాక ఊరు, ఊరు చెప్పాక కష్టం సుఖం. అరగంటలో వాళ్లను నా హోటల్‌కు తీసుకొచ్చి, “గీ బిడ్డకు చాయ్ పొయ్యి, చక్కెర ఎక్కువెయ్యి” అని నలుగురిలో కూర్చోబెట్టేది. నా సొంత అక్క నన్ను “ఓ హోటలాయనా” అని పిలుస్తుంటే మొదట్లో నవ్వాగేది కాదు. పలక మీద ఒక్కో మాటా ఏరుకుని రాసే మనిషి, అక్కడ పేజీలకు పేజీలు మాట్లాడేది. అక్షరాల్లో కూడా ఆమె గొంతే వినిపించేది నాకు.

ఊరికి ప్రాణం పోసినవాళ్లు ఇంకో ఇద్దరున్నారు. మహబూబాబాద్‌లో బట్టలు కుట్టే దర్జీ ఒకాయన, అందరికీ భాయ్. ఇంట్లో దక్కనీ, దుకాణంలో తెలుగు. మూడు తరాలుగా గుంట భూమి లేని ఆయన ముచ్చటపల్లిలో ఎద్దుల జత ఉన్న రైతు. రెండో ఆమె కేసముద్రం మార్కెట్లో ధాన్యం ఊడ్చి చెరిగే కూలికి పోయే మనిషి, ఏడో తరగతి దాకా చదివింది. ముచ్చటపల్లిలో ఆమె పెద్ద డాక్టరమ్మ. ఒక సాయంత్రం భాయ్ ఎద్దు తప్పిపోయింది. లేని ఎద్దు కోసం ఊరు ఊరంతా రెండు సాయంత్రాలు వెతికింది. ఒకరు చెరువు కట్ట మీద చూశామన్నారు, ఇంకొకరు గిట్టల గుర్తులు కనిపెట్టారు. డాక్టరమ్మ అయితే మందుల పెట్టె పట్టుకుని సిద్ధంగా కూర్చుంది. మూడో సాయంత్రం గాజులవ్వ వచ్చి, “భాయ్, మీ ఎద్దు మా పెరట్ల నిలబడ్డది. కొమ్ములకు గాజులు ఎయ్యమని ఒక్కటే లొల్లి. కొమ్ములకు సైజు దొరకదని ఎంత చెప్పినా ఇంటలేదు,” అని రాసింది. ఆ రోజు బస్టాండు గదిలో ఒక్కణ్నే కూర్చుని ఎంత నవ్వానంటే, పరకాల బస్సును పాలకుర్తి బస్సని మైకులో చెప్పేశాను.

ఏడాది పైగా ఊరు అట్లాగే కళకళలాడింది. దాన్ని పాడుచెయ్యాలని ఎవరూ అనుకోలేదు, బాగుచెయ్యాలనుకున్నాం. సర్పంచ్ వేరే ఆటల్లో చూసి చుక్కలు తెచ్చాడు. ఎవరు ఎంత మాట్లాడితే అన్ని చుక్కలు, చుక్కలు ఎక్కువైతే పెద్ద ఇల్లు. నాకు ఎన్ని చాయ్‌లు పోస్తే అన్ని చుక్కలు. నేనేం తక్కువ తినలేదు. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ పోశాను, ఎవరికి పోశానో చూడకుండా పోశాను. జనం చుక్కల కోసం గుంపుల్లోకి వచ్చి నమస్తే, నమస్తే, నమస్తే అని రాసి పోయేవాళ్లు. ఎవరితోనైనా గంటసేపు ఒక్క ముచ్చట పెట్టే గాజులవ్వకు చుక్కలు రాలలేదు. ఆమె ఇల్లు పాకగానే ఉండిపోయింది. తర్వాత ఎక్కువ చుక్కలవాళ్ల ఇంట్లోకి తక్కువ చుక్కలవాళ్లు రాకూడదని ఒక నియమం, కొత్తవాళ్లు చేరాలంటే పాత్ర పుట్టుపూర్వోత్తరాలన్నీ నింపి ఒప్పించుకోవాలని ఇంకో నియమం. దరఖాస్తులు నింపడం సర్పంచ్‌కు అలవాటైన పని కాబట్టి ఆయనకది తప్పుగా తోచలేదు. వచ్చేవాళ్లకు మాత్రం మండలాఫీసుకు పోయినట్టే అనిపించి ఉంటుంది.

అప్పుడు గొంతుల ముచ్చట వచ్చింది. “టైపు కొట్టుడు ఎవలికి తీరికున్నదన్నా? మైకులు పెడితే ఊరు ఇంక నిండుతది,” అన్నాడు సర్పంచ్. అందరినీ అడిగి చేద్దామని ఓటింగ్ పెట్టాడు. నేను సరేనని నొక్కాను. నాలుగు బస్సులు ఒక్కసారే వచ్చి నిలబడ్డ హడావిడిలో ఆలోచించకుండా నొక్కానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. నా లావు వేళ్లతో టైపు చెయ్యలేక విసిగిపోయి ఉన్నాను. మైకు అంటే నాకు ముప్పై ఏళ్ల అలవాటు. నా గొంతు అందరూ వింటారన్న సంబరం కూడా ఉంది. అక్క సంగతి గుర్తొచ్చింది, కానీ టైపు కూడా ఉంటుంది కదా, ఆమె రాసుకుంటుంది అనుకున్నాను. గాజులవ్వ వద్దని నొక్కిందని తర్వాత తెలిసింది. వద్దన్నవాళ్లు నలుగురో ఐదుగురో.

మొదటి పది రోజులు నిజంగానే ఊరు దద్దరిల్లింది. దూరాల నుంచి కూడా కొత్తవాళ్లు వచ్చి చేరారు. వాళ్లలో ఒకతను సినిమాల్లో రౌడీలకు పెట్టే మాటలా డాక్టరమ్మ యాసను వెక్కిరిస్తూ పలికి నలుగురిని నవ్వించాడు. ఆమె మరునాటి నుంచి రాలేదు. మేమెవరం అడగలేదు. పది గొంతులు ఒక్కసారే మాట్లాడుతుంటే, కింద పక్కకు గాజులవ్వ రాసే మాటలు ఎవరి కంటా పడేవి కావు. ఆమె కొత్తవాళ్ల వాకిట్లో నిలబడి “చెయ్యి ఇటియ్యి బిడ్డా” అని రాసేసరికి, ఆ కొత్తవాళ్లు మైకులో ఎవరితోనో వాదులాటలో ఉండేవాళ్లు. నేను చదివేవాణ్ని. చదివి, తర్వాత జవాబు రాద్దామనుకునేవాణ్ని.

మైకులు వచ్చిన మూడు నెలలకు ఒక ఆదివారం సాయంత్రం, బాగా గుర్తు, దాదాపు పదిహేను మందిమి హోటల్లో ఉన్నాం. కొత్తగా పోలీసు పాత్ర తీసుకున్నతను అన్నాడు, “గాజులవ్వ అనేటిది ఆడమనిషే కాదు. ఎవడో మొగోడు ఆడోళ్ల పేరు పెట్టుకున్నడు. ఆడామెనే అయితే గొంతు ఎందుకు ఇనిపియ్యది?” నలుగురు నవ్వారు. సర్పంచ్ సర్దిచెప్పబోయి, “గాజులవ్వా, ఒక్కసారి మైకు పెట్టి రామ్ రామ్ అను. అయిపోతది,” అన్నాడు. తెర కింద అక్షరాలు వచ్చాయి. “నా గొంతు బాగలేదు బిడ్డా.” అంతకంటే నిజమైన మాట ఆ ఊళ్లో ఎవరూ రాసి ఉండరు. “మూడు నెలల సంది బాగలేదా? జలుబా గది?” అని పోలీసు. మళ్లీ నవ్వులు. భాయ్ ఒక్కడే, “ఛోడో సాబ్, పెద్దమనిషిని ఎందుకు పరేషాన్ చేస్తున్రు?” అన్నాడు. నా మైకు తెరిచే ఉంది. అవతల అక్క ఫోను చెవికి దగ్గరగా పెట్టుకుని వింటూ ఉంటుందని నాకు తెలుసు. నిజం చెప్పకుండానే ఆ పోలీసు నోరు మూయించవచ్చు. కంట్రోలరుగా ఎంతమంది తాగుబోతులను దబాయించి కూర్చోబెట్టలేదు? నోరు తెరిచాను. “చాయ్ ఎవలెవలికి కావాలె?” అన్నాను. అంతే అన్నాను. ముచ్చట మారిపోయింది, అందరూ చాయ్ అడిగారు, పోశాను.

అరగంట తర్వాత తెర కింద గాజులవ్వ మాటలు కనిపించాయి. “గాజులవ్వ ఊరిడిచి పోతున్నది. గంపల మిగిలిన గాజులు బడి అరుగు మీద పెట్టిన. ఎవలికి పట్టేటియి వాళ్లు తొడుక్కోండ్రి.” గొంతుల సందడిలో ఎవరూ చూడలేదు. నేను, భాయ్ చూశాం.

తర్వాతి ఆదివారం భూపాలపల్లి పోయాను. అక్క అన్నం పెట్టింది, బస్సు ఖాళీగా వచ్చిందా అని రాసి అడిగింది. ఆ సంగతి ఎత్తుతుందని కాచుకుని కూర్చున్నాను, ఎత్తలేదు. బయల్దేరేముందు మాత్రం పలక తీసుకుని, “ఒట్టు నిలబెట్టుకున్నవ్ తమ్మీ” అని రాసి చూపించింది. పలక మీది మాటకు స్వరం ఉండదు. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆమె ముఖంలోకి చూసి తెలుసుకునే ధైర్యం ఆ రోజు లేకపోయింది.

గాజులవ్వ పోయాక ఊరు ఒక్కరోజులో ఏమీ ఖాళీ కాలేదు. కొత్త ఇళ్లలో దీపాలు వెలిగేవి. వాకిట్లోకి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. ఒకటి రెండు సాయంత్రాలు అట్లా వెలిగి, ఆ దీపం ఆరిపోయేది. పెద్ద ఇళ్లు సంపాదించినవాళ్లు ఇక సంపాదించేందుకు ఏమీ లేక మానేశారు. పోలీసు పాత్రవాడు కొట్లాడేందుకు మనుషులు దొరక్క ఇంకో ఆటకు పోయాడు. సర్పంచ్ చేయని ప్రయత్నం లేదు. ఊళ్లో బతుకమ్మ పెట్టాడు, కొత్త బొమ్మలు గీయించాడు, పాతవాళ్లకు పేరుపేరునా ఫోన్లు చేశాడు. ఒక సాయంత్రం హోటల్లో ముగ్గురమే మిగిలాం, మైకులు తెరిచి ఉన్నాయి, మాట్లాడేందుకు ఏమీ లేదు. ఎవరింట్లోనో కుక్కరు విజిల్ వేసింది. దానికి కూడా ఎవరూ నవ్వలేదు. మర్నాడు సర్పంచ్ నాకు ఫోన్ చేసి, “ఏం తక్కువైందన్నా? అన్ని పెట్టిన గద. నాకు సమజ్ అయితలేదు,” అన్నాడు. ఆయన గొంతులో దాదాపు ఏడుపు. ఒట్టు తీసి గట్టున పెట్టి అంతా చెప్పేశాను. అవతల జిరాక్స్ మిషను ఆపేసిన చప్పుడు వినిపించింది. “ఎన్నడు పోదామన్నా భూపాలపల్లి?” అన్నాడు.

ముగ్గురం పోయాం. సర్పంచ్, భాయ్ మహబూబాబాద్ నుంచి, నేను జనగామ నుంచి వచ్చి హనుమకొండ బస్టాండులో కలుసుకున్నాం. భాయ్‌ని నేను చూడటం అదే మొదలు. తెల్ల గడ్డం, కుట్టుమిషను మీద ఏళ్లతరబడి వంగి కూర్చున్నవాళ్లకు ఉండే కొంచెం వంగిన నడక. దారంతా ఒక కాగితం పొట్లం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. గుమ్మంలో మమ్మల్ని చూడగానే అక్కకు అర్థమైపోయింది. నా వైపు తిరిగి పలక మీద “చెప్పినవా?” అని రాసి, మిగతావాళ్లు చదివేలోగా తుడిచేసింది. సర్పంచ్ కుర్చీ అంచున కూర్చుని, “అక్కా, నాకు ఎరుకలేకుండె. మాఫ్ చెయ్యి,” అన్నాడు. “నేను చెప్పలేదు గద బిడ్డా” అని రాసింది. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. భాయ్ పొట్లం విప్పాడు. మెత్తటి నూలుగుడ్డతో కుట్టిన మెడ కట్లు మూడు. ఊపిరి ఆడేలా లోపల పలుచటి జాలీ గుడ్డ, వెనక ముడి వేసుకునేందుకు సన్నటి నాడాలు. ఒకదానికి అంచు చుట్టూ ఎర్రటి దారంతో చిన్న చిన్న వలయాలు కుట్టాడు, గాజుల్లాగా. “సైజు అడగలేదు గాజులవ్వా. అందాజగ కుట్టిన,” అన్నాడు. అక్క లోపలికి పోయి ఎర్రదారం ఉన్నది కట్టుకుని వచ్చింది. సరిగ్గా పట్టింది. ఆమె రాసింది చదవడానికి భాయ్ జేబులోంచి అద్దాలు తీసుకుని పెట్టుకున్నాడు. “ఎద్దు బాగున్నదా భాయ్?” “బాగనే ఉన్నది అవ్వా. కొంచెం మేత తక్కువ తింటున్నది,” అన్నాడాయన, నిజమైన ఎద్దు గురించి చెప్పినంత మామూలుగా. అక్క భుజాలు కదిలాయి. బావ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఆమె నవ్వి చాలా రోజులైందన్నాడు నాతో మెల్లగా.

“ఊరిని మళ్ల మునుపటి లెక్క చేస్తనక్కా. చుక్కలు తీసేస్త, గొంతులు తీసేస్త. నువ్వు రావాలె,” అన్నాడు సర్పంచ్. అక్క సరేనని తలూపింది. ఆయన అన్న మాట నిలబెట్టుకున్నాడు. నియమాలన్నీ తుడిచేశాడు, ఇళ్లన్నీ మళ్లీ ఒకే సైజు చేశాడు. పాతవాళ్లందరికీ కబురు పెట్టాం. ఎవరూ కోపంగా జవాబివ్వలేదు. అంతా ప్రేమగానే రాశారు. ఎంత మంచిగ ఉండె ఆ రోజులు, అన్నారు. తప్పకుండా వస్తామన్నారు. కేసముద్రం డాక్టరమ్మ మాత్రం నిజం రాసింది: “ఇప్పుడు మార్కెట్ల పని ఎక్కువున్నదన్నా. అయినా ఆ మనసు ఇప్పుడు లేదు.” మొదటి సాయంత్రం పదకొండు మంది వచ్చారు. ఎద్దు తప్పిపోయిన కథ అందరం మళ్లీ చెప్పుకున్నాం. రెండో సాయంత్రం కూడా దాన్నే చెప్పుకున్నాం. గాజులవ్వ ఒక్కతే పాత్రలో ఉండి ఇల్లిల్లూ తిరిగింది, మేమంతా పాత రోజుల గురించి మాట్లాడాం. ఆట ఆడకుండా ఆట గురించి మాట్లాడుకుంటున్నామని నాకు నాలుగో సాయంత్రానికి గానీ తెలియలేదు. అప్పటికి నలుగురమే ఉన్నాం. భాయ్ మళ్లీ ఎద్దు తప్పిపోయిందన్నాడు, పాపం, మా కోసం. ఎవరం వెతకలేకపోయాం. ఎక్కడ దొరుకుతుందో అందరికీ తెలుసు.

పదో రోజున అక్క ఊళ్లో కాకుండా నేరుగా నా ఫోనుకు రాసింది. “తమ్మీ, గాజులు ఎయ్యించుకుంటున్నోళ్లు నా మొఖం చూసి చేతులు ఇస్తున్రు. వాళ్లకు నా సంగతి ఎరుకైంది. నాకు గూడ ఎరుకైంది. గిది ఆట కాదు, డ్యూటీ. నేను రిటైరైన. వాళ్లకు మంచిగ చెప్పు, బాధపెట్టకు.” సర్పంచ్‌కు చెప్పాను. ఆయన ఊరిని మూసెయ్యలేదు, ఎవరూ లేకపోయినా అట్లాగే ఉంచాడు. భాయ్ పండుగలకు మెడ కట్లు కుట్టి పంపిస్తూనే ఉన్నాడు. అక్క ఆరోగ్యం ఫరవాలేదు, నెలకోసారి దవాఖానకు పోయి వస్తుంది. నేనిప్పుడు రిటైరయ్యాను. నెలకు రెండుసార్లైనా భూపాలపల్లి పోతాను. ఆమె ఎదురుగా కూర్చుంటాను. ఇద్దరమే ఉంటాం, కావలసినంత తీరిక ఉంటుంది, నేను ఏదో ఒకటి చెబుతాను, ఆమె వింటుంది. ఒకటో రెండో మాటలు రాస్తుంది. అన్నం తిన్నవా. బస్సెప్పుడు. ఆమె గొంతును మొదటిసారి తీసేసింది ఒక డాక్టరు, ప్రాణం నిలబెట్టడానికి. రెండోసారి తీసేసినవాళ్లలో నేనున్నాను, ఏమీ నిలబెట్టలేదు.

మొన్నటి ఆదివారం బావ నన్ను బస్టాండు దాకా సాగనంపుతూ అన్నాడు. “అప్పట్ల సాయంత్రమైతే మీ అక్క ఫోను పట్టుకుని అరుగు మీద కూసునేది. వేళ్లు ఆగకపోయేటివి. నేను టీవీ బంద్ పెట్టి ఆమెనే చూసేటోణ్ని. ఎప్పటికీ గట్లనే ఉంటదనుకున్న.” బస్సు కదిలాక ఆ మాట గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. మేమందరం అట్లాగే అనుకున్నాం. అందుకే రేపు రాద్దామని జవాబులు దాచుకున్నాం, తర్వాత చూద్దామని చూడకుండా దాటేశాం. ఏ సాయంత్రం ఆఖరిదో ఆ సాయంత్రం ఎవరికీ తెలియదు. తెలిసేసరికి దాని తర్వాత ఎన్నో మామూలు సాయంత్రాలు గడిచిపోయి ఉంటాయి.